అక్షరక్రమంలో కుర్చీలు

సాకేత్‌కి చిందరవందర అంటే ఒళ్ళుమంట. గుమ్మం ముందు చెప్పులు తారుమారుగా పడుంటే, లోపలికొచ్చి కూచున్నా మనసు మాత్రం గుమ్మం దగ్గరే ఉండిపోయే రకం. అలాంటి మనిషి చేతికి హనీఫ్ మాస్టారు ఆఫీసులో ఉన్న పాత కోడ్ అంతా అప్పజెప్పి, "ఇహ దీని మంచీ చెడ్డా నువ్వే చూసుకో నాయనా" అన్నారు.

ఆ మాటతో సాకేత్ గాల్లో తేలాడు. మర్నాడు పొద్దున కోడ్ తెరిచి చూశాక కిందికి దిగాడు.

మాస్టారి ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో ఒక మందుల షాపు పైన ఉంది. ఒకటే పొడుగాటి గది. చాలా ఏళ్ళు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరగలేక, తన దగ్గర చదువుకున్నవాళ్ళలో నలుగురిని పోగేసి పెట్టుకున్న ఆఫీసు. మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలకి ప్రోగ్రాములు రాస్తారు. మిరపకాయల బస్తాల్ని అక్కడ టిక్కీలంటారు. లారీ గేటు దాటిన దగ్గర్నుంచి, టిక్కీలు దిగి, కాటా మీదికెక్కి, చల్లటి గదిలో ఫలానా వరసలోకి చేరేదాకా ఏ టిక్కీ ఎవరిదో, ఎంత బరువో ఆ ప్రోగ్రామే చూసుకుంటుంది.

ప్రోగ్రాంలో ఏ లెక్కైనా మొదలయ్యే చోట దానికి కావాల్సిన పేర్లు రాసుకుంటారు. ఇది లారీ నంబరు, ఇది బరువు, ఇది గది అని. వేరియబుల్స్ అంటారు వాటిని. ఆ పేర్లని ఆ ఆఫీసులో ఎవరికి తోచినట్టు వాళ్ళు పేర్చుకున్నారు. ఝాన్సీ పొట్టి పేర్లు పైన, పొడుగు పేర్లు కింద పెడుతుంది, చూడ్డానికి మెట్లలాగా ఉంటాయని. పూర్ణచంద్ర ఏది ముందు గుర్తొస్తే అది. ఇక సలోమి పేర్చే తీరు ఏమిటో సాకేత్‌కి ఎంత చూసినా అంతుపట్టలేదు.

"మాస్టారూ, ఇట్లా కాదు. దీనికి ఒక పద్ధతి పెడతాను" అన్నాడు.

"పెట్టు నాయనా" అన్నారు మాస్టారు.

బియ్యంలో రాళ్ళేరినట్టు కోడ్‌లో తప్పులేరే ప్రోగ్రాం ఒకటుంది. లింటర్ అంటారు. దానికి ఏ రూలు చెబితే ఆ రూలుకి కాపలా కాస్తుంది. వేరియబుల్స్ అన్నీ ఇంగ్లీషు అక్షరక్రమంలోనే ఉండాలి, ఎ మొదట, జడ్ చివర, అని సాకేత్ దానికి చెప్పాడు. రూలు తప్పితే ఏం చెయ్యాలో కూడా మనమే చెప్పాలి. పసుపు గీత గీసి ఊరుకోమనొచ్చు. లేదంటే ఎర్రగీత గీసి, సరిచేసేదాకా ఆ కోడ్‌ని గడప దాటనివ్వొద్దనొచ్చు. సాకేత్ ఎర్రగీత పెట్టాడు. అక్కడితో ఆగక, పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఒకటే లెక్క అని ఇంకో మాట కూడా చేర్చాడు.

అంతా అయ్యాక మాస్టారిని పిలిచి చూపించాడు. మాస్టారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"బావుంది. వీళ్ళనెవర్నన్నా అడిగావా?"

"మంచి పని చెయ్యడానికి అడగడమెందుకు మాస్టారూ?"

"అదీ నిజమే" అని మాస్టారు టీ గ్లాసు అందుకున్నారు.

మాస్టారంటే సాకేత్‌కి ప్రాణం. పాలిటెక్నిక్‌లో మొదటి ఏడాది లెక్కల్లో తప్పి ఇంటికి పారిపోబోతుంటే, బస్టాండుకొచ్చి, పల్లీలు కొనిపెట్టి, ఒక్క మాట కూడా చదువు గురించి అనకుండా వెనక్కి తీసుకొచ్చిన మనిషి. ఆయన "అదీ నిజమే" అన్నారంటే మెచ్చుకున్నట్టేనని సాకేత్ అనుకున్నాడు. ఆయన్ని అన్నేళ్ళుగా ఎరిగుండి కూడా అలా అనుకున్నాడంటే, ఆ రోజు వాడి కళ్ళు ఎంత నెత్తికెక్కాయో చూడండి.

లింటర్ పని మొదలుపెట్టింది. సర్దగలిగినవి దానంతటదే సర్దేసింది. కానీ ఒక పేరు విలువ ఇంకో పేరు మీద ఆధారపడిన చోట్ల అది చెయ్యి పెట్టదు. ఎర్రగీత గీసి, ఇది మీరే చూసుకోండి అని వదిలేస్తుంది. అలా మిగిలినవాటిని సాకేత్ ఎవరు రాసినవి వాళ్ళకి పంచాడు. అందరికంటే ఎక్కువ ఎర్రగీతలు సలోమికొచ్చాయి.

సలోమి కూడా మాస్టారి శిష్యురాలే, కాకపోతే సాకేత్ కంటే చాలా ముందు తరం. ఒకప్పుడు ఆ పాలిటెక్నిక్‌లో ఆవిడ రాసిన ప్రోగ్రాముల్ని మాస్టారు తర్వాతి పిల్లలకి చూపించేవారు. పెళ్ళి, పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు, వీటన్నిటితో చాలా ఏళ్ళు ఇంట్లోనే ఉండిపోయింది. మళ్ళీ ఉద్యోగం చేద్దామనుకుంటే, మధ్యలో ఇన్నేళ్ళు ఏం చేశారని అడిగినవాళ్ళే గానీ రమ్మన్నవాళ్ళు లేరు. మాస్టారు రమ్మన్నారు. కిందటేడు చేరింది. గది చివర, ఇన్వర్టరు పక్కన, ఎవరికీ అడ్డం కాని చోటు చూసుకుని కూచుంది.

ఆవిడ ఒక మధ్యాహ్నం సాకేత్ బల్ల దగ్గరికొచ్చింది.

"తమ్ముడూ, కాటా ఫైల్లో ఈ మూడూ కదపకుండా వదిలేద్దామా? గోతంతో కలిపి బరువు గ్రాస్, ఉత్త గోతం బరువు శాక్. అందులోంచి ఇది తీసేస్తే నెట్. నెట్ తేలాలంటే శాక్ ముందుండాలి గదా. అక్షరాల ప్రకారం పెడితే నెట్ ముందుకొస్తంది. లింటర్ కూడా అందుకే ముట్టుకోలేదేమో."

సాకేత్ తెర మీంచి తల తిప్పలేదు. ఎర్రగీతల లెక్క తగ్గుతూ తగ్గుతూ సున్నాకి దగ్గరపడుతోంది. దాని మీదే ఉంది వాడి ధ్యాస.

"రూలుకి మినహాయింపులు మొదలుపెడితే ఇహ రూలెందుకక్కా? ఎట్లోగట్లా ఎర్రగీత పోయేట్టు చూడండి."

సలోమి తన చోటికి వెళ్ళిపోయింది. ఆ మూడింటినీ అక్షరాల ప్రకారం మార్చి, సాకేత్‌కి పంపి, "ఒకసారి చూడు తమ్ముడూ" అంది. ఎర్రగీత పోయి పచ్చ టిక్కు పడింది. సాకేత్ టిక్కు చూశాడు. కోడ్ చూడలేదు. సరే అని నొక్కాడు.

మర్నాడు పొద్దున్నే ఊరవతల కోల్డ్ స్టోరేజీలో కాటా దగ్గర రసీదులు తప్పులతడకగా రావడం మొదలైంది. నికరం బరువు ఉండాల్సిన చోట అంకె లేదు. నాన్ అని ఇంగ్లీషులో మూడక్షరాలు వస్తున్నాయి. అంటే, ఇది అంకె కాదు బాబూ, నావల్ల కాదు అని కంప్యూటరు చేతులెత్తేయడం. సీజను ముదిరిన రోజులు. గేటు బయట లారీలు బారులు తీరాయి. హమాలీలు టిక్కీల మీదే చతికిలబడ్డారు. ఒక రైతు రసీదు పట్టుకుని, "మూడక్షరాలిచ్చి నా కాయలు లోపల పెట్టుకుంటారా" అని యాగీ చేశాడట.

మేనేజరు సాంబిరెడ్డి ఫోన్ చేశాడు. కాటా ఫైలు సలోమి పేరు మీద ఉంది కాబట్టి ఫోను సలోమికిచ్చారు. ఆయన గొంతు మామూలుగానే ఊరవతలకి వినపడుతుంది. కోపంలో ఉంటే చెప్పక్కర్లేదు. ఆవిడ "సరేనండీ, సరేనండీ" అంటూనే శాక్‌ని పైకి జరిపింది. లింటర్ ఎర్రగీత గీసి అడ్డం పడింది. మాస్టారు తన చోటు నుంచే, "దాన్ని పక్కన పెట్టి పంపించెయ్యమ్మా" అన్నారు. పంపింది. రసీదులు సరిగ్గా రావడం మొదలైంది.

ఆ ఫైలు చివరగా ముట్టుకున్నది సలోమి. సరే అని నొక్కింది సాకేత్. రెండో సంగతి ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి సాకేత్ చెప్పలేదు. చెప్పలేదని లోపల పీకుతూనే ఉంది. అయినా, ఆవిడ మాత్రం ఒకసారి నడిపి చూసుకోవద్దా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

మూడోనాటికి మాస్టారు సాకేత్‌ని కిందికి టీకి పిలిచారు. సగం టీ తాగి గ్లాసు కింద పెట్టారు.

"సలోమి నెలాఖరుకి మానేస్తానంటంది" అన్నారు.

సాకేత్ ఆయన వైపు తిరిగాడు. "ఎందుకట?"

"తనకిక ఈ పని రాదంట. ఇన్నేళ్ళలో అంతా మారిపోయిందంట. ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకుంటానంటంది."

ఇక్కణ్ణుంచి వెళ్ళిపోతే సలోమి ఇంకో ఆఫీసు మెట్లెక్కదని ఇద్దరికీ తెలుసు. 

"నేనేం కావాలని చెయ్యలేదు మాస్టారూ" అన్నాడు సాకేత్. ఎవరూ అనకుండానే తప్పించుకోబోయాడు. "రూలు అందరికీ ఒకటే పెట్టాను. ఝాన్సీకీ అదే, నాకూ అదే. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చూపించలేదు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అందరికీ ఒకటేనా?"

"అందరికీ."

"మంచి రూలే మరి. కుర్చీలక్కూడా పెట్టు."

సాకేత్‌కి అర్థం కాలేదు. "కుర్చీలకేంటి మాస్టారూ?"

"ఆఫీసులో ఎవరి ఇష్టం వచ్చిన చోట వాళ్ళు కూచున్నారు గదా నాయనా. నీకు చిందరవందర పడదాయె. గుమ్మం దగ్గర్నుంచి మొదలుపెట్టి అక్షరాల ప్రకారం సర్దు. ఇయ్యాలే సర్దు."

టీ డబ్బులిచ్చి ఆయన మెట్లెక్కేశారు. వేళాకోళమేమో అనుకుంటూ సాకేత్ వెనకే వెళ్ళాడు. అప్పటికే మాస్టారు తన కుర్చీని తనే తోసుకుంటూ గుమ్మం దగ్గరికి తెస్తున్నారు.

"మీరక్కడేంటి మాస్టారూ! వచ్చేపోయే దుమ్మంతా మీ మీదే పడుద్ది" అని ఝాన్సీ అడ్డం వచ్చింది.

"హనీఫ్‌కి హెచ్ గదమ్మా. నాకంటే ముందు అక్షరం ఈ గదిలో ఎవరికీ లేదు. నీది జె. నా పక్కకు రా."

గదంతా కలగాపులగమైంది. వైర్లు పీకారు, బల్లలు జరిపారు. పూర్ణచంద్ర తన బల్ల కింద ఎప్పుడో పడిపోయిన చెప్పు దొరికిందని సంతోషపడ్డాడు. మాస్టారు, ఝాన్సీ, పూర్ణచంద్ర. ఆ తర్వాత సాకేత్, సలోమి మిగిలారు. ఇద్దరివీ ఎస్సే. రెండో అక్షరం కూడా ఎ. మూడో అక్షరం దగ్గర సాకేత్‌కి కె, సలోమికి ఎల్. కె ముందు, ఎల్ తర్వాత. సాకేత్ లెక్కేసుకుని చూశాడు. ఎలా చూసినా అంతే వచ్చింది. కిటికీ దగ్గర తన విశాలమైన చోటు వదిలేసి, గది చివర, ఇన్వర్టరు రొదలో, సలోమి మోచేతి పక్కన కుర్చీ వేసుకున్నాడు.

సలోమి తన వాటర్ బాటిల్ కాస్త ఇటు జరిపి చోటిచ్చి, మళ్ళీ తెర వైపు తిరిగింది.

ఆ రెండ్రోజులూ ఆఫీసులో సరదాగానే గడిచింది, ఆ మూలన తప్ప. కింద మందుల షాపుకొచ్చినవాళ్ళు పైన డాక్టరున్నాడనుకుని మెట్లెక్కి వచ్చేవాళ్ళు. గుమ్మంలోనే పెద్దమనిషి కనపడేసరికి, ఆయనకే నాలుక చాపి చూపించేవాళ్ళు. మాస్టారు ఓపిగ్గా, "నేను ఈ జబ్బుల డాక్టర్ని కాదమ్మా" అని కిందికి పంపేవారు. ఝాన్సీ పొట్ట పట్టుకుని నవ్వేది.

సాకేత్‌కి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఇన్నాళ్ళూ సలోమి అంటే వాడి తెర మీద ఒక పేరు, పేరు పక్కన ఎర్రగీతల లెక్క. ఇప్పుడు మనిషి పక్కనే ఉంది. ఎర్రగీత పడినప్పుడల్లా ఆవిడ కీబోర్డు మీంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. కాసేపటికి ఒక చెయ్యి మెల్లిగా పైకొస్తుంది. ఒక పేరు జరుపుతుంది. మళ్ళీ ఎర్రగీత. మళ్ళీ చేతులు ఒళ్ళోకి. ఇదంతా తను పెట్టిన రూలు చేస్తున్న పనేనని చూడకుండా ఉండటానికి సాకేత్‌కి మెడ తిప్పుకునే చోటు లేదు. అటు గోడ.

ఇంకోటి గమనించాడు. ఆవిడ పెదాలు కదుల్తుంటాయి. చదువుతున్నట్టు కాదు, ఎవరికో దారి చెబుతున్నట్టు.

"ఏమంటున్నారక్కా?" అని అడిగాడు చివరికి.

"ఏం లేదు."

"చెప్పండక్కా. నిజంగానే అడుగుతున్నా."

సలోమి వాడి మొహంలోకి చూసింది. వెటకారమేమో అని చూసినట్టుంది. కాదని తేలాక తెర మీద వేలు పెట్టింది.

"లారీ వచ్చుద్ది. డ్రైవరు పేరు అడుగుతారు. రైతు పేరు, ఊరు. టిక్కీలు లెక్కపెడతారు. కాటా ఎక్కిస్తారు. గోతం తీసేస్తారు. అప్పుడు నికరం. అప్పుడు గది, గదిలో వరస. ఇది రాసే ముందు రెండు రోజులు నేను ఆ గేటు దగ్గర నిలబడ్డా తమ్ముడూ. వాళ్ళు ఎట్టా చేస్తన్నారో అట్టానే పేర్లు పెట్టుకుంటా వచ్చా. ఎక్కడన్నా తేడా వస్తే, లారీ ఎనకాల నడిచినట్టు నడుచుకుంటా పోతా. తేడా ఎక్కడుందో అక్కడ దొరుకుద్ది."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు కాయలు లోపలికెళ్ళినాక లారీ వస్తంది." చిన్నగా నవ్వింది. "అందుకని నోటితో చెప్పుకుంటన్నా."

సాకేత్ తెర మీది పేర్ల వరసని పైనుంచి కిందిదాకా చదివాడు. తర్వాత, అడగకపోతే ఇక ఎప్పటికీ అడగలేనని అడిగాడు.

"ఆ రోజు నెట్ ముందుకొస్తే తప్పని మీకు తెలుసుగా అక్కా. అయినా ఎందుకు మార్చారు?"

"నువ్వు అంత గట్టిగా చెప్తే, నాకే తెలవదేమో అనుకున్నా. ఇన్నేళ్ళు ఇంట్లో ఉన్నా గదా. ఈలోపల మిషన్లు తెలివి మీరి, ఎట్టా రాసినా అయ్యే సర్దుకుంటన్నాయేమో, అదీ నాకు తెలియలేదేమో అనుకున్నా." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. అదే సాకేత్‌ని నిలువునా కోసింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అంతలో ఝాన్సీ ఫోను తెచ్చి సాకేత్ చేతిలో పెట్టింది. సాంబిరెడ్డి. కొత్తగా ఇంకో కాటా పెడుతున్నారట, దానికి ప్రోగ్రాం జతచెయ్యాలట. అదంతా చెప్పి, చివర్లో ఆయన గొంతు తగ్గించాననుకుని అన్నాడు:

"ఇంకో మాటబ్బాయ్. దీన్ని మాత్రం ఆమెతో చేయించబాకండి. మొన్న నా పరువు తీసింది గదా, ఆమె."

ఆ గొంతు తగ్గినా పక్క కుర్చీకి వినపడేంత ఉంది. సలోమి చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. తల వంచుకుని, బాటిల్ మూత తిప్పుతూ కూచుంది, తనకేమీ వినపడనట్టు.

కిటికీ దగ్గర కూచుని ఉంటే సాకేత్ "సరేనండీ" అనేసి ఫోను పెట్టేసేవాడే. ఆ సంగతి వాడికే స్పష్టంగా తెలిసింది. "స" అనే అక్షరం నాలుక దాకా వచ్చింది కూడా.

"ఆవిడ కాదండీ" అన్నాడు. ఈసారి గట్టిగా అన్నాడు. "సాంబిరెడ్డి గారూ, మొన్న తప్పు చేసింది ఆవిడ కాదు. నేను. ఇట్లా మారిస్తే తేడా వస్తుందని ఆవిడ నా దగ్గరికొచ్చి చెప్పింది. నేను వినలేదు. మార్చమన్నాను. మార్చాక చూడమంది. చూడకుండా సరే అన్నాను. మీ గేటు దగ్గర లారీలు ఆగింది నావల్ల."

పూర్ణచంద్ర వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మం దగ్గర మాస్టారు మాత్రం ఎవరో ముసలాయన మందుల చీటీ చదివి పెడుతున్నారు. ఇటు తిరగలేదు.

అవతల సాంబిరెడ్డి గొంతు మళ్ళీ పెరిగింది.

"నువ్వా చేసింది?"

"నేనే."

"మరి ఆ రోజు చెప్పవేందయ్యా! ఆడమనిషిని పట్టుకుని నోటికొచ్చినట్టల్లా అన్నానే." సాంబిరెడ్డి గట్టిగా గొంతు సవరించుకున్నాడు. "ఆమె ఉందా అక్కడ? ఒకసారి ఇయ్యి."

సాకేత్ ఫోను అందించాడు. సలోమి తీసుకుని చెవికి ఆనించుకుంది. "పర్లేదండీ" అంది. కాసేపయ్యాక "అయ్యో, పర్లేదండీ" అంది. ఇంకాసేపటికి, "రేపొచ్చి ముందు కాటా చూస్తానండీ, చూడకుండా రాయను" అంది. ఫోను బల్ల మీద పెట్టేశాక పైట చెంగుతో మొహం తుడుచుకుంది. సాకేత్ గోడ వైపు చూస్తూ కూచున్నాడు. వాడి కళ్ళూ తడిగానే ఉన్నాయి మరి.

వెంటనే లింటర్ తెరిచి, రూలు ఉన్న లైను మీదికి వెళ్ళాడు. మొత్తం తీసిపారేద్దామని.

"ఉండు, తీసెయ్యబాక" అంది సలోమి.

"అదేంటక్కా? మీరే అంటున్నారా?"

"ఝాన్సీ ఫైళ్ళు ఇప్పుడు నాకు ఎంత హాయిగా ఉన్నయ్యో తెలుసా? ఏ పేరు ఎక్కడుందో టక్కున దొరుకుతంది. నీ రూలు చెడ్డదేం కాదు. లెక్కలున్న కాడ మాత్రం నన్నొదిలెయ్."

సాకేత్ ఎర్రగీత తీసి పసుపు గీత పెట్టాడు. చెబుతుంది, ఆపదు. అది పెట్టే ముందు లేచి, ఝాన్సీ దగ్గరికీ పూర్ణచంద్ర దగ్గరికీ వెళ్ళి, ఇలా మారుస్తున్నాను, మీకు సరేనా అని అడిగాడు. పూర్ణచంద్ర, తనని ఎవరైనా అడిగినందుకే ఆశ్చర్యపోయి, ఏదైనా సరే అన్నాడు.

సాయంత్రం అందరూ సర్దుకుంటున్నారు. మాస్టారు చేతిసంచీ తీసుకుని గది చివరిదాకా నడిచొచ్చారు.

"అమ్మా సలోమీ, నెలాఖరు మాటేంది?"

సలోమి టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంటోంది. తలెత్తకుండానే అంది.

"కొత్త కాటా పని ఒప్పుకున్నా గదా మాస్టారూ, మధ్యలో ఎట్టా మానేది? ఈ అబ్బాయికి కూడా ఇంకా గేటు చూపించలా. రేపు ఎండలో నిలబెడతా, వస్తాడంట."

"వస్తానని నేనెప్పుడన్నా?" అన్నాడు సాకేత్.

"ఇప్పుడను."

"వస్తానక్కా."

మాస్టారు తలూపి, మెట్ల వైపు నడిచారు. సాకేత్ ఆయన వెనకే పరుగెత్తాడు. చేతిసంచీ అందుకుని పక్కనే మెట్లు దిగుతూ, పొద్దుట్నుంచీ మనసులో పెట్టుకున్న మాట అడిగేశాడు.

"మాస్టారూ, ఎవరిది తప్పో మీకు మొదటిరోజే తెలుసుగా?"

"తెలుసు."

"మరి ఆ రూలు తీసెయ్యరా అని ఒక్క మాటంటే సరిపోయేది. వెంటనే తీసేసేవాణ్ణి. ఈ బల్లలు జరపడం, మీరు గుమ్మంలో దుమ్ము తినడం, ఇదంతా ఎందుకు?"

మాస్టారు ఆఖరి మెట్టు మీద ఆగి, ఆయాసం తీర్చుకుని, వాడి భుజం మీద చెయ్యి వేశారు.

"తీసెయ్యమంటే రూలు పోయేది నాయనా. నువ్వు అక్కడే ఉండేవాడివి."